అడవి మూలికల్లో ఏది ఎవరికి: నల్లమల, శేషాచలం మందు మొక్కల పోలిక

శ్రీశైలం దారిలోనో, తిరుపతి వీధుల్లోనో గోనెపట్టా పరిచి మూలికలు అమ్మేవారి ముందు కాసేపు నిలబడితే చాలు, ఏ మొక్క అయినా పది రోగాలకు మందే అనిపిస్తుంది. షుగర్‌కు ఏది మంచిదని అడిగితే ఒక ఎండుటాకు, ఒక చెక్క గ్లాసు, ఒక గింజల పొడి, ఒక తీగ ముక్క వరుసగా చేతిలో పెడతారు. నాలుగూ కొనుక్కొచ్చి, దంచి కలిపి, పరగడుపున తాగేవారు మనలో చాలామంది ఉన్నారు. అలా తాగితే మేలు చేసింది ఏదో తెలియదు, వికటిస్తే వికటించింది ఏదో అసలే తెలియదు. ఒక అవసరానికి ఒక్క మూలిక, అదీ గుర్తుపట్టగలిగిన రూపంలో తీసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. ఆ ఒక్కటి ఏది అన్నదే ఇక్కడి ప్రశ్న.

నల్లమల, శేషాచలం, వెలిగొండ, పాలకొండల్లో ఉన్నవి చాలావరకు ఉష్ణమండల ఆకురాల్చు అడవులు. ఎండాకాలం మోడువారి, తొలకరికి చిగురించే ఆ కొండల్లోంచే మన ఆయుర్వేద దుకాణాలకు సరుకు పెద్ద మొత్తంలో వస్తుంది. ఎంచుకునేటప్పుడు నేను రెండు సంగతులు చూస్తాను. మనుషుల మీద పరీక్షించిన ఆధారం ఎంత ఉందన్నది మొదటిది. మొక్కలో ఏ భాగాన్ని తీసుకుంటున్నామన్నది రెండోది. ఆకు కోస్తే తీగ మళ్లీ చిగురిస్తుంది, కాయ ఏరితే చెట్టు నిలబడే ఉంటుంది. వేరు తవ్వినా, చేవ నరికినా ఆ మొక్క కథ అంతటితో సరి. ఆకుతో తీరే అవసరానికి వేరు జోలికి పోవడం నాకు న్యాయంగా తోచదు.

షుగర్‌కు: పొడపత్రి, వేగిస, నేరేడు

ఎక్కువమంది అడిగేది దీని గురించే కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

పొడపత్రి అడవి అంచుల్లో, పొదల మీదుగా పాకే తీగ. ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి, తడిమితే మెత్తని నూగు తగులుతుంది. ఒక పచ్చి ఆకు తీసుకుని నిమిషం పాటు నెమ్మదిగా నమిలి, ఆ రసం నాలుకంతా తడిసేలా చూసి ఊసేయండి. తర్వాత చిటికెడు పంచదార నోట్లో వేసుకోండి. తీపి అసలు తెలియదు, ఇసుక నమిలినట్టే ఉంటుంది. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పసిగట్టే చోట్ల అతుక్కుని అడ్డుపడతాయి. అరగంట నుంచి గంట లోపు రుచి తిరిగి వస్తుంది. పులుపు, ఉప్పు మాత్రం మామూలుగానే తెలుస్తాయి. భోజనం తర్వాత స్వీట్ల మీద మనసు లాగేవారికి ఈ ఒక్క గుణమే పెద్ద సాయం.

మందుగా దీని సత్తా ఎంత? 1990లో మద్రాసు పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, అప్పటికే షుగర్ మాత్రలు వాడుతున్న టైప్ 2 రోగులు 22 మందికి వాటితో పాటు పొడపత్రి ఆకు సారం రోజుకు 400 మిల్లీగ్రాముల చొప్పున 18 నుంచి 20 నెలలు ఇచ్చారు. రక్తంలో చక్కెర తగ్గింది, అయిదుగురు మాత్రలు ఆపగలిగారు. ఆశ కలిగించే ఫలితమే. కానీ మంది తక్కువ, పైగా ఉత్తుత్తి మందుతో పోల్చి చూసిన పరీక్ష కాదు. సహాయకారి అనుకోవడానికి ఇది చాలు, మాత్రల స్థానంలో నిలబెట్టడానికి చాలదు.

వేగిసను కొన్నిచోట్ల ఏగిస, పెద్దేగి అంటారు. ఉత్తరాది ఆయుర్వేదంలో విజయసార్ ఇదే. చెట్టు చేవతో చేసిన గ్లాసులో రాత్రి నీళ్లు పోసి, పొద్దున తాగుతారు. నీళ్లు తేనె రంగుకు తిరుగుతాయి. ఆ నీటిని ఎండలో పెట్టి పక్కనుంచి చూస్తే నీలపు మెరుపు కనిపిస్తుంది, అసలైన వేగిసకు అదే గుర్తు. రోజులు గడిచేకొద్దీ రంగు పలచబడి ఆగిపోతుంది. అప్పుడు గ్లాసులో సారం అయిపోయినట్టే, కానీ చాలా ఇళ్లలో ఏడాది తర్వాత కూడా భక్తిగా అందులోనే తాగుతుంటారు.

వేగిసకు ఆధారం లేకపోలేదు. భారత వైద్య పరిశోధన మండలి పర్యవేక్షణలో జరిగి 1998లో వెలువడిన అధ్యయనంలో, కొత్తగా షుగర్ బయటపడిన 97 మందికి వేగిస సారం ఇస్తే 12 వారాల్లో 67 మందికి చక్కెర అదుపులోకి వచ్చింది. అయితే అక్కడ ఇచ్చింది రోజుకు రెండు నుంచి నాలుగు గ్రాముల కొలత ప్రకారం తీసిన సారం. గ్లాసులో నానిన నీళ్లలోకి ఎంత దిగుతుందో చెక్క వయసును బట్టి, నీటిని బట్టి, గ్లాసు ఎన్నాళ్లదన్న దాన్ని బట్టి మారిపోతుంది. ఆ ఫలితాన్ని గ్లాసు నీళ్లకు అంటగట్టి అమ్ముకోవడం కొనేవారిని తప్పుదోవ పట్టించడమే. ఇక ఒక్కో గ్లాసు వెనుక పెరగడానికి దశాబ్దాలు పట్టిన చెట్టు ఉంది. అడవిలో వేగిస పలచబడుతోంది.

వేగిస పేరుతో ఎర్రచందనం గ్లాసులు అంటగట్టేవారు కూడా ఉన్నారు. ఎర్రచందనం శేషాచలం చుట్టుపక్కల కొండలకే పరిమితమైన చెట్టు, దాని నరికివేత, రవాణా, అమ్మకాల మీద కఠినమైన ఆంక్షలున్నాయి. దాని ఎరుపు వర్ణకం నీటిలో దాదాపు కరగదు. కాబట్టి గ్లాసులో పోసిన నీళ్లు కాసేపటికే చిక్కటి ఎరుపెక్కితే అది వేగిసా కాదు, ఎర్రచందనమూ కాదు, రంగు వేసిన ఏదో చెక్క అయి ఉంటుంది.

నేరేడు గింజల పొడి అన్నిటికన్నా చవక, గింజ కోసం ఏ చెట్టునూ చంపనక్కర్లేదు. కానీ ఆధారం బలహీనం. బ్రెజిల్‌లో నేరేడు ఆకుల టీని మామూలు టీతో పోల్చి పరీక్షించినప్పుడు చక్కెర ఏమీ తగ్గలేదు. పండు తినండి, హాయిగా ఉంటుంది. గింజల పొడి మీద నమ్మకం పెట్టుకుని మాత్ర మానకండి.

ఈ మూడింటిలో నా ఓటు పొడపత్రికే. కుండీలో పెంచుకోవచ్చు, ఆకు కోసుకుంటే చాలు, అసలుదో కాదో నాలుకే చెబుతుంది. దుకాణంలో కొన్న పొడినీ అలాగే పరీక్షించవచ్చు. అర చెంచా పొడిని నీళ్లలో కలిపి నిమిషం పుక్కిలించి ఉమ్మేయండి. పంచదార ఇంకా తియ్యగానే ఉంటే ఆ పొడి పాతదైనా అయి ఉండాలి, వేరే ఆకైనా అయి ఉండాలి.

ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు పొడపత్రి, వేగిస రెండింటితోనూ జాగ్రత్తగా ఉండాలి. రెండు వైపులా చక్కెర తగ్గితే చెమటలు పట్టి, వణుకు పుట్టి, తూలి పడిపోయే ప్రమాదం ఉంది. మొదలుపెట్టే ముందు డాక్టరుకు చెప్పండి, మొదటి వారాల్లో గ్లూకోమీటరుతో తరచూ చూసుకోండి. టైప్ 1 పిల్లలకు ఏ మూలికా ఇన్సులిన్‌కు బదులు కాదు. ఇన్సులిన్ ఆపించి ఆకు పసరు పోయిస్తే ఆ పిల్లల ప్రాణాలే పోతాయి. ఈ మాటను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

జ్వరానికి: నేలవేమా, తిప్పతీగా?

కరోనా రోజుల్లో తిప్పతీగకు వచ్చిన పేరు అంతా ఇంతా కాదు. పెరట్లో తీగ ఉన్నవారు వీధి వీధంతా పంచారు, కషాయం రోజువారీ కాఫీలా మారింది. ఆ తర్వాత వచ్చిన వార్త మాత్రం అంత దూరం పోలేదు. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్న తీరును ప్రచురించారు. మరుసటి ఏడాది 13 ఆసుపత్రులు కలిసి 43 మంది రోగుల వివరాలు బయటపెట్టాయి. వారిలో చాలామందికి తమ రోగనిరోధక వ్యవస్థే తమ కాలేయం మీద తిరగబడిన లక్షణాలు కనిపించాయి. ఆయుష్ మంత్రిత్వ శాఖ దీన్ని ఒప్పుకోలేదు. తిప్పతీగ సురక్షితమేనని, అదే కుటుంబంలోని వేరే జాతి తీగను పొరపాటున వాడి ఉండవచ్చని చెప్పింది.

రెండు వాదనల నుంచీ వాడేవారు నేర్చుకోవలసింది ఉంది. థైరాయిడ్, కీళ్లవాతం, సోరియాసిస్ వంటి ఆటోఇమ్యూన్ జబ్బులున్నవారు, కాలేయ సమస్య ఉన్నవారు తిప్పతీగను దూరం పెట్టడమే మంచిది. మిగిలినవారు కూడా నెలల తరబడి రోజూ తాగకూడదు. వాడుతుండగా ఆకలి మందగించినా, మూత్రం ముదురు పసుపుకు తిరిగినా, కళ్లు పచ్చబడినా వెంటనే ఆపేసి రక్తపరీక్ష చేయించుకోవాలి.

తీగను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. తిప్పతీగ ఆకు హృదయాకారంలో, నున్నగా ఉంటుంది. కాడ మీద ఉల్లిపొరలా పలచని గోధుమరంగు తోలు, గోటితో గీరితే కింద పచ్చదనం, అడ్డంగా కోస్తే చక్రంలో ఆకుల్లా విడివిడిగా గీతలు కనిపిస్తాయి. పై కొమ్మల నుంచి దారాల్లాంటి ఊడలు దిగుతాయి. ఆకు అడుగున మెత్తని నూగు దట్టంగా ఉన్నా, కాడ నిండా పెద్ద పెద్ద బుడిపెలున్నా అది వేరే జాతి, వదిలేయండి. పొడిగా కొంటే ఈ గుర్తులేవీ కనిపించవు. తిప్పతీగను ఎప్పుడైనా కాడ ముక్కలుగానే కొనమని చెప్పేది అందుకే.

నేలవేము సంగతి వేరు. వానాకాలంలో మొలిచి, జానెడు మూరెడు ఎత్తు పెరిగి, తెల్లపూల మీద ఊదా మచ్చలతో కనిపించే ఏకవార్షిక మొక్క. ఒక్క ఆకు నమిలితే చేదు గంటసేపు నోరు వదలదు. ఆ చేదుకు మూలమైన ఆండ్రోగ్రాఫోలైడ్ మీద చాలా పరిశోధన జరిగింది. జలుబు, గొంతునొప్పి, దగ్గుతో వచ్చే మామూలు జ్వరాల్లో లక్షణాలు త్వరగా తగ్గడానికి నేలవేము సారం ఉపయోగపడుతుందని పలు పరీక్షలు చూపాయి. తమిళనాడులో డెంగీ ప్రబలిన 2012లో ప్రభుత్వమే పంచిపెట్టిన నిలవేంబు కుడినీర్ ఇదే మొక్క పేరుతో ఉన్న సిద్ధ కషాయం, అందులో మొత్తం తొమ్మిది దినుసులుంటాయి.

కాబట్టి జలుబు జ్వరానికి, నాలుగైదు రోజుల వాడకానికి నేలవేము మేలు. గర్భిణులు వాడకూడదు. కొందరికి దద్దుర్లు, అరుదుగా తీవ్రమైన అలర్జీ వస్తాయి. ఆస్ట్రేలియా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మొక్క గురించి ప్రత్యేకంగా హెచ్చరించింది. ఒకసారి దద్దు లేస్తే మళ్లీ దాని జోలికి వెళ్లకూడదు.

జ్వరం మూడు రోజులు దాటితే కషాయం ఏదన్న చర్చ పక్కన పెట్టి రక్తపరీక్షకు వెళ్లాలి. మన్యం నుంచి వచ్చినవారికైతే మూడు రోజులు కూడా ఆగకూడదు. అక్కడి ఫాల్సిపరం మలేరియా మెదడుకెక్కడానికి ఎక్కువ కాలం పట్టదు, దానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే మాత్రలే మందు.

దగ్గు, కడుపు

కఫంతో కూడిన దగ్గుకు అడ్డసరం, గొంతు గరగరకు కరక్కాయ. ఇందులో పెద్దగా తేల్చుకోవలసింది లేదు. అడ్డసరం ఆకులోని వాసిసిన్ ఆధారంగానే బ్రోమ్‌హెక్సిన్ అనే దగ్గు మందు తయారైంది, ఆంబ్రాక్సాల్ దాని సంతతే. మందుల షాపులో కొనే సిరప్‌కూ కంచె మీది ఈ ఆకుకూ అంత దగ్గరి చుట్టరికం ఉంది. అయితే వాసిసిన్ గర్భాశయాన్ని కుంచింపజేస్తుంది, కనుక గర్భిణులకు అడ్డసరం వద్దు. కరక్కాయ పెచ్చు ఒకటి బుగ్గన పెట్టుకుని రసం మింగడం మన పెద్దల అలవాటు, గాయకులు ఇప్పటికీ అదే చేస్తారు.

మలబద్ధకానికి ఒక్క కరక్కాయా, త్రిఫలా అంటే, కొత్తగా మొదలుపెట్టేవారికి త్రిఫలే నయం. కరక్కాయ ఒంటరిగా కొందరిలో కడుపు మెలిపెడుతుంది, ఉసిరి, తాని కలిస్తే నెమ్మదిగా పనిచేస్తుంది. మూడూ కాయలే, అడవికి నష్టం లేదు. దుకాణంలో కాయలుగా కొని ఇంట్లో దంచుకుంటే ఇంకా మంచిది. కరక్కాయను నీళ్లలో వేస్తే మునగాలని ఆయుర్వేద గ్రంథాలు చెబుతాయి. తేలేది పుచ్చిపోయింది, లేదా ఎండి డొల్ల అయింది. రక్తహీనతకు ఐరన్ మాత్రలు వేసుకునే ఆడవారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఈ కాయల్లోని వగరు ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. మాత్రకూ త్రిఫలకూ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి.

వేసవి షర్బత్: సుగంధిపాలా, మారేడు గడ్డా?

నన్నారి షర్బత్ లేని రాయలసీమ వేసవిని ఊహించలేం. నిమ్మరసం, సోడా, అడుగున ముదురు ఎరుపు సిరప్, గ్లాసు ఎత్తగానే ముక్కును తాకే ఆ వాసన. అది చాలామంది అనుకునే సుగంధిపాల వేరుది కాదు. బజారు నన్నారిలో ఎక్కువ భాగం మారేడు గడ్డల నుంచే వస్తుంది. శివపూజకు వాడే మారేడు చెట్టుకూ దీనికీ సంబంధం లేదు, ఇది రాళ్ల సందుల్లో పెరిగే ఒక పాల తీగ.

రెండింటినీ పక్కపక్కన పెడితే పొరబడే ప్రసక్తే లేదు. సుగంధిపాల వేరు పెన్సిలు కన్నా సన్నగా, నల్లని గోధుమరంగులో, తీగలా వంకర్లు తిరిగి ఉంటుంది. విరిస్తే మధ్యలో గట్టి ఈనె ఉంటుంది, వాసన ఆగి ఆగి వస్తుంది. మారేడు గడ్డ బొటనవేలి కంటే లావుగా, కండపట్టి, లోపల తెల్లగా ఉంటుంది. గోరు గుచ్చితే చాలు, వాసన గదంతా కమ్ముతుంది. కొన్ని ఇళ్లలో దీన్ని నిమ్మరసంలో ఊరగాయ కూడా పెడతారు. సారం ఎక్కువ దిగుతుంది కాబట్టి షర్బత్ తయారీదారులకు గడ్డే లాభం.

దాని ఖరీదు అడవి చెల్లిస్తోంది. మారేడు తీగ దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. నల్లమల చెంచులు, మైదాన ప్రాంతాల యానాదులు ఎప్పటి నుంచో ఈ గడ్డలు తవ్వుతున్నారు. పాత పద్ధతిలో కొంత గడ్డను నేలలోనే వదిలి మట్టి కప్పేసేవారు, కొన్నాళ్లకు అది మళ్లీ ఊరేది. దళారుల గిరాకీ పెరిగాక ఆ ఓపికకు చోటు లేకుండా పోయింది, తీగ అంతరించే ప్రమాదంలో పడింది. తవ్వేవారిని నిందించడం తేలిక. కిలోకు వారికి దక్కేది ఎంత, సీసా మీద మనం కట్టే ధర ఎంత అని ఆలోచిస్తే నింద ఎటు పోవాలో తెలుస్తుంది.

నేను సుగంధిపాలనే ఎంచుకుంటాను. కంచెల వెంబడి, గట్ల మీద విరివిగా దొరికే మొండి తీగ అది, ముక్క నాటినా బతుకుతుంది. వేళ్లను చితక్కొట్టి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, వడగట్టి, బెల్లంతో కాచుకుంటే ఇంటి షర్బత్ సిద్ధం. మారేడు గడ్డే కావాలనుకుంటే సాగు చేసినదా అని అడిగి కొనండి. గుణాల మాటకొస్తే, చలువ చేస్తుందని, మూత్రం మంట తగ్గిస్తుందని రెండింటికీ పేరుంది. మనుషుల మీద చేసిన పరీక్షలు తక్కువ కనుక రుచి కోసం, దాహం కోసం తాగడం వరకే సబబు. షుగర్ ఉన్నవారికి ఆ సీసాలో అసలు సమస్య మూలిక కాదు, పంచదార పాకం.

ఇంట్లో అసలు తేకూడనివి

సర్పగంధి నిజమైన మందు కాబట్టే ప్రమాదం. దాని వేరు రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో ప్రచురించాక ప్రపంచం కళ్లు తెరిచింది, 1952లో ఆ వేరులోంచి రెసర్పిన్ అనే మందును వేరుచేశారు. ఆ మందే కొందరిని తీవ్రమైన దిగులులోకి నెట్టిందని తర్వాత బయటపడింది. వేరు ముక్కలో రెసర్పిన్ ఎంత ఉందో ఇంట్లో కొలవలేం. బీపీకి దీన్ని సొంతంగా వాడటం అంటే మోతాదు తెలియని మాత్ర మింగడమే. ముష్టి గింజల మాట చెప్పనక్కర్లేదు, అందులో ఉన్నది స్ట్రిక్నిన్ విషం. శుద్ధి చేశామని ఎవరు చెప్పినా చేతిలోకి తీసుకోవద్దు. గుండె జబ్బుకు తెల్లమద్ది బెరడు కషాయం తాగాలనుకునేవారు ముందు తమ మాత్రల చీటీతో డాక్టరును కలవాలి.

ఎక్కడ, ఏ రూపంలో కొనాలి

పచ్చి ఆకు, నీడన ఎండబెట్టిన ముక్కలు, చూర్ణం, సారపు మాత్రలు. ఇంటి వాడకానికి మొదటి రెండూ నా ఎంపిక, ఎందుకంటే చూసి, వాసన చూసి, నమిలి తేల్చుకోవచ్చు. చూర్ణంలో ఏం కలిసిందో కంటికి తెలియదు. షుగర్ చూర్ణాల్లో గుట్టుగా ఇంగ్లిషు మాత్రల పొడి, కీళ్లనొప్పుల పొడుల్లో స్టెరాయిడ్లు కలిపి పట్టుబడిన ఉదంతాలున్నాయి. రెండు రోజుల్లోనే అద్భుతంగా పనిచేసిన పొడిని మెచ్చుకోకుండా అనుమానించండి. సారపు మాత్రలు కొంటే ఆయుష్ తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగం వాడారో డబ్బా మీద ఉండాలి.

1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో కొంటే, ఏరినవారికి కొంతైనా నేరుగా చేరుతుంది. అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం చిన్నతరహా అటవీ ఉత్పత్తులను సేకరించి అమ్ముకునే హక్కు గిరిజనులది. టైగర్ రిజర్వులోకి కారులో వెళ్లి మనమే వేళ్లు పీక్కుని రావడం నేరం.

విదేశాల్లో ఉన్న మనవారికి మరో మాట. 2004లో అమెరికా బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. ఊరి నుంచి తెచ్చుకునేవారు పొడుల కన్నా ఎండుటాకులు, కాయలు తెచ్చుకోవడం మేలు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లేటప్పుడు మాత్రం వాటిని విమానాశ్రయంలో తప్పనిసరిగా ప్రకటించాలి, లేదంటే జరిమానా పడుతుంది.

ఆపరేషన్ తేదీ ఖరారైనవారు పొడపత్రి, వేగిసలను కనీసం రెండు వారాల ముందే ఆపేసి, ఏమేం వాడారో మత్తుమందు ఇచ్చే డాక్టరుకు పేర్లతో సహా చెప్పాలి. ఆకు పసరే కదా, చెప్పడమెందుకు అని ఊరుకోవద్దు. ఆపరేషన్ బల్ల మీద చక్కెర ఎందుకు పడిపోతోందో ఆయనకు తెలిసే దారి అదొక్కటే.